అలొకేసియా దుంపల ప్యాకెట్: ఏ రకానికి కొనొచ్చు, ఏ రకానికి వద్దు

ముందు తేల్చి చెప్పేస్తాను, వివరాలు తర్వాత తీరిగ్గా. కేరళలో ఇంటి పెరట్లో అలొకేసియాలు (ఆకుల అందం కోసం పెంచే మొక్కలు) పెంచి, వాటి పిల్లదుంపల్ని పొట్లాలు కట్టి అమ్మే ఒకావిడ దగ్గర ఒక ప్యాకెట్ తెప్పించుకున్నాను. పెట్టిన డబ్బుకి న్యాయం జరిగింది. ఆ తర్వాత మళ్లీ తెప్పించుకున్నాను కూడా. అలాగని అందరినీ అన్ని రకాలకీ దుంపలే కొనమని చెప్పను. పాలీ లాంటి మామూలు రకమైతే నర్సరీకెళ్లి కుండీయే తెచ్చుకోండి. బ్లాక్ వెల్వెట్, సిల్వర్ డ్రాగన్ లాంటివైతే దుంపే మేలు. వేరిగేటెడ్ (ఆకు మీద తెల్ల మచ్చలుండే రకం) దుంపలంటూ వేలల్లో ధర చెప్పేవాళ్ల జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు.

ఆవిడకి దుకాణమంటూ లేదు. వాట్సాప్‌లోనే అమ్మకం, ఒక విడతకి కొద్దిమందికి సరిపోయేంత సరుకే ఉంటుంది. అందుకే పేరు రాయడం లేదు. ఇలా ఇంట్లో పెంచి అమ్మేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఎవరి దగ్గర కొన్నా పొట్లం విప్పగానే ఏం చూడాలో, మొలిపించేటప్పుడు ఏది పనిచేస్తుందో తెలిస్తే మీకు పనికొస్తుందని ఇంత వివరంగా రాస్తున్నాను.

అలొకేసియా మన చేమకి దగ్గరి చుట్టమే. చేమపాదు తవ్వితే తల్లిదుంప చుట్టూ పిల్లదుంపలు కనిపిస్తాయి కదా, దీని వేర్ల మధ్యా అలాగే చిన్న చిన్న దుంపలు పడతాయి. తల్లి నుంచి సన్నటి తీగలాంటి కాడ ఒకటి బయటికొచ్చి దాని చివర దుంప ఊరుతుంది. శనగగింజంత వాటి నుంచి గోళీకాయంత వాటి దాకా ఉంటాయి. పైన గోధుమరంగు పొట్టు. కొరియర్ వచ్చిన రోజు మా అత్తయ్య పొట్లం విప్పి చూసి, "ఇవేంటే, చేమ పిల్లల్లాగున్నాయి! పులుసులోకా?" అంది. ఆవిడది అమలాపురం, చేమదుంపల్ని చీకట్లో కూడా గుర్తుపడుతుంది. "కాదత్తయ్యా, ఇవి తినేవి కాదు" అని వెంటనే డబ్బా పైఅరలో పెట్టేశాను. ఈ జాగ్రత్త గురించి మళ్లీ చెప్తాను.

ప్యాకింగ్ గురించి చెప్పాలి, ఎందుకంటే దుంపల వ్యాపారంలో సగం పని అదే. చిన్న అట్టపెట్టె, లోపల కాగితం ముక్కలు. ఒక్కో రకానికి ఒక్కో జిప్ కవరు, దానికి సూదితో పొడిచిన గాలి రంధ్రాలు. కవరులో కొంచెం తేమగా ఉన్న నాచు, నాచు మధ్యలో దుంపలు. ప్రతి కవరులోనూ ప్లాస్టిక్ చీటీ మీద పెన్సిల్‌తో రకం పేరు రాసి ఉంది. పెన్సిల్‌తో రాయడం నాకు చాలా నచ్చింది. మార్కర్‌తో రాసినది తేమకి, ఎండకి వెలిసిపోతుంది, కొన్నాళ్లకి ఏ దుంప ఏదో తెలియదు. పెన్సిల్ గీత అలాగే ఉండిపోతుంది. దుంపలకి పొట్టు తీయకుండా పంపింది, అది కూడా మంచి పద్ధతే. పొట్టు ఉంటే దారిలో తొందరగా వడలిపోవు, ఒకదానికొకటి రాసుకుని గాట్లు పడవు.

జులైలో తెప్పించుకున్నాను. కొరియర్ నాలుగైదు రోజులు తిరిగినా దుంపలకి ఏమీ కాలేదు. ఇదే ఆకులున్న మొక్కయితే? అలొకేసియా ఆకు కాడ నీటితో నిండి, బరువుగా ఉంటుంది. చీకటి పెట్టెలో నాలుగు రోజులుంటే పసుపెక్కి కిందికి వాలిపోతుంది. ఆన్‌లైన్‌లో మొక్కలు తెప్పించుకున్నవాళ్లు ఎవరిని అడిగినా ఇదే చెప్తారు. దుంప నిద్రలో ఉంటుంది కాబట్టి ప్రయాణం దానికి పట్టదు. అరుదైన రకాలకి దుంపే మేలని నేననడానికి మొదటి కారణం ఇదే. రెండోది ధర. బ్లాక్ వెల్వెట్ మొక్క అడిగితే చెప్పే ధరలో దాని దుంపలు మూడు నాలుగు వస్తాయి.

పొట్లం విప్పగానే చేయాల్సిన పని ఒకటుంది. ఒక్కో దుంపనీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికున్నట్టే, అది ఎంత చిన్నదైనా సరే. మెత్తగా నొక్కుకుపోయినా, పొట్టు లోపల బోలుగా తగిలినా, పుల్లటి కుళ్లు వాసన వచ్చినా అది పోయినట్టే. పోయినవాటిని మిగతావాటితో కలిపి ఉంచకూడదు, కుళ్లు పాకుతుంది. నాకొచ్చినవాటిలో ఫ్రైడెక్ కవరులో ఒకటి మెత్తబడింది, తక్కినవన్నీ గట్టిగానే ఉన్నాయి. ఫొటో పెడితే ఆవిడ మారుమాట లేకుండా తర్వాతి విడతలో ఇస్తానంది, ఇచ్చింది. పెట్టె విప్పుతున్నప్పుడు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. దాదాపు అందరూ అది ఉంటేనే మార్చి ఇస్తారు.

ప్యాకెట్‌తో పాటు ఒక కాగితం కూడా పెట్టింది, దుంపల్ని ఎలా మొలిపించాలో రాసి. అందులో చాలావరకు సరైనదే. ఒక్క విషయంలో నేను ఒప్పుకోను. పొట్టు మొత్తం ఒలిచేయమని రాసింది. నా పద్ధతి వేరు. దుంపని గంటసేపు నీళ్లలో నానబెడతాను. పొట్టు మెత్తబడ్డాక గోరు పెట్టి లాగితే ఎంత వదులుగా ఉందో అంత ఊడొస్తుంది, తక్కినది అలాగే వదిలేస్తాను. పొట్టు కింద లేత మీగడరంగులో నున్నటి దుంప కనిపిస్తుంది, కొన్నిటికి లేతపచ్చ జీర కూడా ఉంటుంది. ఒక చివర చిన్న మొన, రెండో చివర తల్లి కాడ నుంచి విడిపోయిన మచ్చ. మొన పైకి, మచ్చ కిందికి. ఏది పైనో తేలకపోతే పక్కకి పడుకోబెట్టండి, మొలక దారి అదే వెతుక్కుంటుంది. పొట్టు ఎక్కువగా ఉంటే దాని కింద తేమ నిలిచి బూజు పడుతుంది, నిజమే. కానీ గట్టిగా అంటుకున్న పొట్టుని కత్తితో గీకితే దుంపకి గాటు పడుతుంది, ఆ గాటులోంచే కుళ్లు మొదలవుతుంది. నిదానంగా చేసుకోవాల్సిన పని ఇది, ఆదివారం మధ్యాహ్నానికి అట్టేపెట్టుకోండి.

నాచు గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే దుంపలు పోయేది చాలావరకు ఇక్కడే. స్ఫాగ్నమ్ మాస్ అని ఎండబెట్టి అమ్ముతారు. మంచి పొడుగు పోగున్నది చిలీ నుంచో న్యూజిలాండ్ నుంచో వస్తుంది, ధర ఎక్కువే. పెద్ద ప్యాకెట్ కొనక్కర్లేదు. వంద గ్రాముల పొట్లం నానితే ఒక బకెట్‌లో సగం దాకా ఉబ్బుతుంది. ఒకసారి వాడింది వేడినీళ్లలో కాచి మళ్లీ వాడుకోవచ్చు. నానాక గుప్పిట్లో పెట్టి గట్టిగా పిండండి, ఇంక చుక్క రాలదనే దాకా. చేతికి చల్లగా, తడిగా తెలియాలి, నీళ్లు మాత్రం కారకూడదు. నీళ్లు కారే నాచులో దుంప పెడితే వారంలో కుళ్లుతుంది. కోకోపీట్, అంటే ఇటుకలుగా అమ్మే కొబ్బరిపీచు పొడి, చవకగా దొరుకుతుంది కదా అని చాలామంది అందులో పెడతారు. మొక్క పెరిగాక కుండీ మిశ్రమంలో అది బాగానే పనిచేస్తుంది, దుంప మొలకెత్తడానికి మాత్రం నేను వాడను. నీటిని ఎక్కువగా పట్టి ఉంచుతుంది, పైగా సరిగా కడగని ఇటుకల్లో ఉప్పు ఉంటుంది.

పర్లైట్ అనే తేలికపాటి తెల్లటి గుళికలు ఇంకో దారి. చిన్న ప్లాస్టిక్ గ్లాసులో పర్లైట్ నింపి అడుగున వేలెడు నీళ్లు నిలిపి, దుంప నీటికి తగలకుండా పైన పెట్టడం. నీరు పర్లైట్ గుండా పైకి పాకి తేమ అందిస్తుంది. గ్లాసు పారదర్శకమైతే వేర్లు దిగడం కనిపిస్తుంది, పిల్లలకి చూపించడానికి బాగుంటుంది. గోళీకాయంత దుంపలకి నేను పర్లైటే వాడతాను, శనగగింజంత వాటికి నాచు. చిన్నవి పర్లైట్‌లో ఎక్కడో కూరుకుపోతాయి. పర్లైట్ పొడి గాల్లోకి లేస్తుంది, పొయ్యబోయే ముందు కవరులోనే నీళ్లు చిలకరించండి, ముక్కులోకి పోకూడదు.

డబ్బాకి డబ్బు ఖర్చు పెట్టకండి. ఖర్జూరాలు వచ్చే పారదర్శకమైన మూతడబ్బా సరిగ్గా సరిపోతుంది. మూత పెడితే లోపల తేమ నిలుస్తుంది, తెరవకుండానే లోపల ఏం జరుగుతుందో కనిపిస్తుంది. రెండు రోజులకోసారి మూత తీసి కాసేపు గాలి ఆడనివ్వాలి. డబ్బాని ఎక్కడ పెట్టాలనేది మీ ఇంటిని బట్టి ఉంటుంది. మాది మియాపూర్‌లో తూర్పు బాల్కనీ ఉన్న ఫ్లాటు. మొలక రాకముందు దుంపకి కావలసింది వెచ్చదనం. 24 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే చాలు. వానాకాలంలో మన హైదరాబాద్ ఇళ్లల్లో అది మామూలుగానే ఉంటుంది. మొలక కనిపించాక వెలుతురు కావాలి, కానీ నేరుగా ఎండ తగలకూడదు. మూతడబ్బాని ఎండలో పెడితే లోపల ఆవిరి పట్టి దుంపలు ఉడికిపోతాయి.

ఇక రకాల వారీగా.

పాలీ అందరికంటే ముందు లేచింది. రెండు మూడు వారాలు గడిచేసరికి మొన దగ్గర తెల్లటి మొటిమలా లేచి, ఆ మొలక మొదట్లోంచే వేర్లు నాచులోకి పాకాయి. వేర్లు కింద మచ్చ వైపు నుంచి వస్తాయని చాలామంది అనుకుంటారు. మొలక ఎక్కడ లేచిందో వేర్లు దాని మొదట్లోంచే వస్తాయి. అందుకే దుంపని లోతుగా పాతిపెట్టకూడదు, సగం పైకి కనిపించేలా ఉండాలి. ఈ పాలీ అన్నది అమెజానికా అనే సంకరంలోంచి వచ్చిన పొట్టి రకం. అమెజానికాని 1950ల్లో మయామీలోని అమెజాన్ నర్సరీ వాళ్లు తయారుచేశారు. దాని తల్లిదండ్రుల్లో ఒకటి ఫిలిప్పీన్స్‌లోని మిందనావో దీవికి చెందిన శాండెరియానా. సంకరం కావడం వల్లనో ఏమో ఇది మొండిది, ఎలా పెట్టినా లేస్తుంది.

ఫ్రైడెక్ కూడా ఫిలిప్పీన్స్ జాతిదే. ముదురాకుపచ్చ మఖమల్ ఆకు, దాని మీద తెల్లటి ఈనెలు. కుండీలో అడుగున దుంపల పంట పండించే రకం ఇది. ఒక్క మొక్క బాగా పెరిగితే చుట్టాలందరికీ పంచొచ్చు. నాకొచ్చినవాటిలో మెత్తబడ్డది పోగా మిగిలినవన్నీ లేచాయి.

బ్లాక్ వెల్వెట్, సిల్వర్ డ్రాగన్ రెండూ బోర్నియో దీవివి. అడవిలో నేలకి అంటుకుని, పెద్ద చెట్ల నీడలో బతికే పొట్టి మొక్కలు. పెరుగుదల నిదానం, మొలకెత్తడమూ నిదానమే. ఒక నెల చూసి, ఏమీ జరగట్లేదని పారేసేవాళ్లు వీటినే ఎక్కువగా పారేస్తారు. నొక్కితే గట్టిగా ఉన్నంత కాలం పారేయొద్దు. నా బ్లాక్ వెల్వెట్ ఒకటి వినాయక చవితి వెళ్లి దసరా వస్తోందన్నప్పుడు లేచింది, అన్నాళ్లూ అది రాయిలాగే ఉంది. తొలి ఆకు గోరంత. పచ్చగా మామూలు ఆకులా ఉంటుంది, ఆ నల్లటి మఖమల్ నిగనిగ మూడో నాలుగో ఆకుకి గానీ తేలదు. సిల్వర్ డ్రాగన్‌కి కూడా ఆ వెండిరంగు, గరుకు పొలుసులు మెల్లగానే వస్తాయి. తొలి ఆకు చూసి వేరే దుంప పంపారని గొడవ పెట్టుకోకండి.

జెబ్రినా విషయంలో మాత్రం నా ఫిర్యాదు న్యాయమైనదే. జెబ్రినాకి అందమంతా కాడలో ఉంది, పసుపుపచ్చ కాడ మీద ముదురు అడ్డచారలు. చీటీ మీద జెబ్రినా అనే ఉంది. నేను ఓపిగ్గా నాలుగైదు ఆకుల దాకా ఆగాను. కాడ మీద చార రాలేదు. ఆకు మీద తెల్లటి ఈనెలు తేలి, చేతికి మఖమల్‌లా తగిలింది. అది ఫ్రైడెక్. పొట్లాలు కట్టేటప్పుడు తారుమారైంది. ఫొటోలు పంపితే ఆవిడ ఒప్పుకుని, రెండో ఆర్డర్‌లో జెబ్రినా దుంపలు అదనంగా వేసింది. అవి మాత్రం లేత వయసులోనే కాడ మీద చార చూపించాయి. మర్యాదగా సర్దిందన్నమాట నిజం. అయినా పొట్టు తీయని దుంపలు అన్ని రకాలవీ ఒకేలా ఉంటాయి కాబట్టి, తవ్విన చోటే చీటీ కట్టడం తప్పనిసరి. దుంపలమ్మే ప్రతివాళ్లకీ ఈ మాట చెప్పాలి. కొన్నవాళ్లకి పొరపాటు తెలిసేసరికి నెలలు గడిచిపోతాయి.

ఆకు రెండంగుళాలకి వచ్చి, వేర్లు నాచు నిండా పట్టాక కుండీలోకి మార్చాలి. మార్చేటప్పుడు కింద అంటుకుని ఉన్న దుంపని తీసేయకండి. చిన్న మొక్కకి అన్నం పెడుతున్నది అదే. కోకోపీట్, పర్లైట్, కొబ్బరి డొక్క ముక్కలు, కాస్త బొగ్గు కలిపిన వదులు మిశ్రమం చాలు. నీళ్లు పోస్తే నిలవకుండా గబగబా దిగిపోవాలి. కుండీ చిన్నదే ఉండాలి, టీ గ్లాసంతది. పెద్ద కుండీలో పెడితే వేర్లు తాగలేనన్ని నీళ్లు మిగిలిపోయి కుళ్లు పడుతుంది. డబ్బాలో పుట్టిన ఆకు బయటి గాలికి ఒక్కసారిగా తట్టుకోలేదు. మూతని మొదట కాస్త, తర్వాత సగం, తర్వాత పూర్తిగా తీస్తూ ఒక వారం పది రోజులు అలవాటు చేయాలి.

ఎర్రనల్లి గురించి ఆవిడ కాగితంలో ఒక్క ముక్క లేదు, అది పెద్ద లోటు. ఎండ మొదలై గాలి పొడిబారగానే అలొకేసియాలకి మొదట పట్టే పీడ ఇదే. ఆకు అడుగున సన్నటి దుమ్ములా, ఈనెల మూలల్లో సాలెగూడు పోగుల్లా కనిపిస్తుంది. ఆకు పైన చిన్న చిన్న పసుపు చుక్కలు పడతాయి. వారానికోసారి తడిగుడ్డతో ఆకు రెండువైపులా తుడిస్తే చాలావరకు దగ్గరికి రాదు. వచ్చాక నీళ్లలో కొద్దిగా వేపనూనె, రెండు చుక్కలు సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టాలి, ఎండలో కాదు. మఖమల్ ఆకు రకాలకి ముందు ఒక్క ఆకు మీద కొట్టి చూసి, ఒక రోజు ఆగండి.

ఇక ఆ పులుసు మాట. చేమకి, కందకి ఉన్న దురదే వీటికీ ఉంది. మొక్క ఒంటినిండా కాల్షియం ఆక్సలేట్ అనే సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి. చేమదుంపని మనం ఉడకబెట్టి, చింతపండు పులుసులో వేసి దురద విరిచి తింటాం. ఈ అలంకారపు రకాలు అలా తినేవి కాదు, ఉడకబెట్టినా వద్దు. పచ్చిది కొరికితే నోరు, గొంతు మండి వాచిపోతాయి. దుంపలు చూడ్డానికి తినే వస్తువుల్లాగే ఉంటాయి కాబట్టి నానబెట్టే గిన్నెని వంటింటి గట్టు మీద పెట్టకండి. పసిపిల్లలు, పిల్లులు, కుక్కలు ఉన్న ఇంట్లో డబ్బా ఎత్తుమీదే ఉండాలి. పొట్టు తీసేటప్పుడు కొందరికి వేళ్లు దురద పెడతాయి. మా అత్తయ్య కంద తరిగేటప్పుడు చేసినట్టే చేతులకి నూనె రాసుకుని కూర్చుంది, ఆవిడకి ఏమీ కాలేదు. నేను చేతికి గ్లౌజులు వేసుకుంటాను.

పాలీకి దుంప ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెప్తాను. మా పుట్టిల్లు మండపేట. వెళ్లినప్పుడల్లా దారిలో కడియపులంక దగ్గర ఆగకుండా రాలేను. రోడ్డుకి రెండువైపులా, లోపలి సందుల్లో, కంటికి ఆనినంత మేరా నర్సరీలే. దేశంలో ఏ మూలకైనా ఇక్కడినుంచి లారీల మీద మొక్కలు వెళ్తాయి. అక్కడ పాలీ కుండీ ధరకీ ఆన్‌లైన్‌లో దాని దుంపల పొట్లం ధరకీ పెద్ద తేడా ఉండదు. ఈమధ్య ఒక నర్సరీలో పెద్దాయన్ని అడిగాను, "బాబాయిగారూ, మీరు దుంపలు అమ్మరా?" అని. "దుంపలమ్మితే మాకు గిట్టదమ్మా. మొక్కయితే చూసి, నచ్చితే పట్టుకెళ్తారు. దుంప ఎవరు కొంటారండి?" అన్నాడు. నేను ముందువరసలో నిగనిగలాడే కొత్త కుండీ తీయబోతే ఆపి, వెనకవరసలోంచి వేర్లు అడుగు రంధ్రాల్లోంచి బయటికొచ్చేసిన పాత కుండీ తీసి చేతికిచ్చాడు. "ఇది పట్టుకెళ్లండి. ఆకులు కాస్త పాతబడ్డాయి గానీ అడుగున దుంపలుంటాయి. కొత్తదాంట్లో ఏముంటాయండి, మొన్ననే మార్చాం."

ఆయన మాట అక్షరాలా నిజం. ఇంటికొచ్చి కుండీ తలకిందులు చేసి మట్టిగడ్డని బకెట్ నీళ్లలో కాసేపు ఉంచాను. వేళ్లతో జుట్టు దువ్వినట్టు వేర్లని మెల్లగా విడదీస్తుంటే ఒక్కొక్కటే చేతికి తగిలాయి. కొన్ని వేర్ల గుత్తిలో చిక్కుకుని, కొన్ని కుండీ గోడకి ఆనుకుని బల్లపరుపుగా ఊరి ఉన్నాయి. కొన్నిటికి అప్పటికే మొలక వచ్చింది, వాటిని తల్లి దగ్గరే ఉంచాను. నిద్రలో ఉన్నవి తీశాను. కొన్న ప్యాకెట్‌లో వచ్చినవాటికంటే ఎక్కువే వచ్చాయి, తల్లిమొక్క అదనం. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర పెట్టే నర్సరీ మేళా కూడా మంచి చోటే. అక్కడా కొత్త కుండీ వద్దు, వేర్లు బయటికొచ్చిన కుండీ అడగండి.

ఇంట్లో మొక్క ఉన్నవాళ్లకి ఇంకో మాట. చలికాలంలో అలొకేసియా ఆకులన్నీ రాల్చి మోడైపోయిందని కుండీ బయట పడేస్తారు. మన దగ్గర డిసెంబరు, జనవరి రాత్రుళ్లు 15 డిగ్రీల కిందికి దిగినప్పుడు అది నిద్రలోకి పోతుంది, అంతే. మట్టి తవ్వి చూడండి. తల్లిదుంప గట్టిగా ఉంటే అదీ లేస్తుంది, చుట్టూ ఉన్న పిల్లలూ లేస్తాయి. నీళ్లు బాగా తగ్గించి వెచ్చటి మూలలో పెట్టి శివరాత్రి దాటేదాకా ఆగండి.

వేరిగేటెడ్ దుంపల మీద నా కోపం ఊరికే వచ్చింది కాదు. నా స్నేహితురాలు ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక అమ్మకందారు దగ్గర వేరిగేటెడ్ ఫ్రైడెక్ దుంపలని చెప్పినవి కొంది. ఒక్కో దుంపకి వేలల్లో పెట్టింది. అన్నీ మొలిచాయి, అన్నీ పచ్చగానే వచ్చాయి. అడిగితే "దుంపకి గ్యారంటీ ఇవ్వలేం" అన్నారు. అమ్మేటప్పుడు తల్లిమొక్క ఆకు మీది తెల్ల మచ్చల ఫొటోనే పెట్టి అమ్మారు కదా! ఆకులో తెలుపు ఎందుకు వస్తుందంటే, ఆ మొక్కలో పచ్చ కణాలు, రంగులేని కణాలు కలిసి బతుకుతున్నాయి. దుంప ఏ కణాల దగ్గర ఊరిందో దాన్ని బట్టి పూర్తి పచ్చ రావొచ్చు, మచ్చలు రావొచ్చు, పూర్తిగా తెలుపూ రావొచ్చు. పూర్తి తెలుపు ఆకుల మొక్క ఆహారం తయారుచేసుకోలేదు, దుంపలోని నిల్వ అయిపోగానే చచ్చిపోతుంది. నిద్రలో ఉన్న దుంపని చూసి ఏది వస్తుందో ఎవరూ చెప్పలేరు. అంత ఇష్టమైతే, రెండు మూడు ఆకుల్లో మచ్చలు తేలిన పిల్లమొక్కనే కొనుక్కోండి. కష్టపడి సంపాదించిన డబ్బు, ఆశ చూపించి తీసుకోవడం నాకు అన్యాయమనిపిస్తుంది.

థాయ్‌లాండ్, ఇండోనేషియా నుంచి నేరుగా తెప్పించామనేవాళ్లని కూడా ఒక మాట అడగండి. విదేశాల నుంచి నాటే దుంపలు రావాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, పంపే దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (పురుగు, తెగులు లేవనే పత్రం) రెండూ ఉండాలి. సామాన్లలో దాచి తెచ్చిన దుంపతో పాటు పురుగు, తెగులు కూడా రావొచ్చు. మన కోనసీమ చేమ, కంద తోటలకి దగ్గరి జాతి మొక్కలివి, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. నేను కొన్న ఆవిడ తన పెరట్లో తవ్వుతున్న వీడియో పంపుతుంది. ఆవిడ దగ్గరే మళ్లీ కొనడానికి అది కూడా ఒక కారణం.

ఆర్డర్ పెట్టేముందు అమ్మేవాళ్లని అడగాల్సినవి: దుంపలు ఎప్పుడు తవ్వారు, తల్లిమొక్క ఇప్పటి ఫొటో ఉందా, పొట్టుతోనే పంపుతారా, మెత్తబడితే మార్చి ఇస్తారా. నెల పైబడి కవరులో ఉన్నవైతే వద్దనండి. బఠాణీగింజంతకన్నా చిన్నవైతే ధర తగ్గించమనండి, వాటిలో నిల్వ తక్కువ, మొలక బలహీనంగా ఉంటుంది. జూన్‌లో తొలకరి పడ్డాక సెప్టెంబరు లోపు తెప్పించుకుంటే వెచ్చదనం, గాలిలో తేమ రెండూ కలిసొస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో 40 దాటిన ఎండలో కొరియర్ బండిలో పెట్టె ఏమవుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. ఈవిడైతే మే నెలంతా, ఇంకా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆర్డర్లే తీసుకోదు. డబ్బు పంపుతానన్నా వద్దని, జూన్‌లో గుర్తుచేయమంటుంది.